విషద్రవ్య జాతకము

*ఒక రసాయనము గుణదోషములను శాస్త్రము ఏ తీరున వర్గీకరించునో, ఆ వర్గీకరణము ఎందాక పలుకునో, ఎచ్చట మౌనము వహించునో విశాఖ స్టైరీను మనకు నేర్పిన పాఠము*

ఎండ తీవ్రమైన మధ్యాహ్నవేళ జాతీయ రహదారి ప్రక్కనున్న టీ దుకాణము ముందర ట్యాంకరు లారీ యొకటి వచ్చి ఆగును. డ్రైవరు దిగి తువాలుతో ముఖము తుడుచుకొని గ్లాసు అందుకొనును. క్లీనరు కఱ్ఱతో టైరులను తట్టి చూచుచుండును. ఊరి పిల్లలు నలుగురు ఆ లారీ నీడలో కాసేపు నిలుచుందురు. లారీ వెనుకభాగమున ధూళి క్రమ్మిన రేకుఫలకము మీద నాలుగంకెల సంఖ్య యొకటి కలదు: 2055. దాని ప్రక్కనే మూలమీద నిలువబెట్టిన ఎఱ్ఱని చతురస్రము, అందులో మంట బొమ్మ, అడుగున 3 అను అంకె. లోపల ఏమున్నదని దుకాణదారుని అడిగినచో, "ఏదో కెమికల్ అండీ" అనును. ఆ పిల్లలకు అదియు తెలియదు. కాని చదువ నేర్చినవానికి ఆ ఫలకము ఒక జాతకచక్రమువంటిది; లోపలి పదార్థము దేనికి రగులునో, ఎవరిని బాధించునో సంకేతాక్షరములలో అందు వ్రాసియున్నది.

2055 అనునది ఐక్యరాజ్య సమితివారి రవాణా పట్టికలో స్టైరీను అను ద్రవమునకు కేటాయించిన సంఖ్య. ఆ పట్టికలో దాని పూర్తి నామము "స్టైరీను మోనోమరు, స్థిరీకరింపబడినది" అని యుండును. పేరు చివరనున్న ఆ విశేషణమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని నా ప్రార్థన. ఈ వ్యాసమంతయు ఒక విధముగా ఆ మాటకు వ్యాఖ్యానమే.

స్టైరీనును మనమెన్నడును చూచి యెఱుగమని తలంతుము. కాని దాని సంతతితో మనకు నిత్యపరిచయము కలదు. పెండ్లిపందిరిలో వెనుక తెరమీద వధూవరుల పేర్లు చెక్కి నిలిపిన థర్మోకోలు, కొత్త టీవీ పెట్టెలో మూలమూలకు అమర్చిన తెల్లని దిమ్మలు, విందులో వాడి పారవేయు చెంచా, వాహనపు టైరులోని కృత్రిమ రబ్బరు, మిద్దెమీది ఫైబరు తొట్టి, ఇవన్నియు దాని సంతానమే. వేలకొలది స్టైరీను అణువులు ఒండొంటి చేయి పట్టుకొని పొడవైన గొలుసుగా బిగిసికొన్నపుడు అది పాలిస్టైరీను అను ఘనపదార్థమగును. ఆ చేతులింకను ఖాళీగా నున్నంతకాలము అది రంగులేనిది, నీటికంటె తేలికైనది, కొంచెము తీపిని తలపించు వాసన గలది యగు నొక ద్రవము. బిడ్డలు సాధువులు, తల్లి స్వభావము వేరు.

సుగంధమునుండి పుట్టినది

ఈ ద్రవము పుట్టుక వృత్తాంతము వినదగినది. మన ఆయుర్వేద గ్రంథములలో శిలారసమని ప్రసిద్ధికెక్కిన బంక యొకటి కలదు; అమరకోశము దానిని తురుష్కమనియు, సిల్హమనియు ధూపద్రవ్యముల వరుసలో పేర్కొన్నది. పశ్చిమాసియాలో పెరుగు ఒక వృక్షమునుండి స్రవించు నిర్యాసమది. 1839వ సంవత్సరమున బెర్లిను నగరమందలి ఎడ్వర్డ్ సైమన్ అను ఔషధకారుడు ఆ బంకను స్వేదనము చేసి తైలమునొకదానిని సేకరించి, దానికి స్టైరోల్ అని పేరుపెట్టెను. కొన్ని మాసములు నిలువయుంచిన పిమ్మట ఆ తైలము చిక్కబడి జిగటముద్దగా మారుటను ఆయన గమనించి, గాలిలోని ప్రాణవాయువుతో కలియుటచేతనే అట్లైనదని భావించెను. ఆ భావన పొరపాటు. తైలములోని అణువులు ఎవరును పురికొల్పకయే తమంత తాము చేతులు కలుపుకొని గొలుసులైనవి. శాస్త్రజ్ఞులకు ఆ సంగతి బోధపడుటకు ఎంతో కాలము పట్టెను. ఒక చిన్న సీసాలో వింతగా తోచిన ఆ గుణమే, 181 ఏండ్ల తరువాత విశాఖపట్టణములో ఒక పెద్ద ట్యాంకులో, నిద్రించుచున్న ఊరిమీదికి విషవాయువై వెడలెను.

ప్రపంచమునకంతటికి ఒకే కొలత

పూర్వము ఒక రసాయనము ఒక దేశమున విషమనిపించుకొని, సముద్రము దాటినంతనే మఱియొక దేశమున సామాన్య వస్తువుగా చెల్లుబాటయ్యెడిది. ఏ దేశపు కొలబద్ద ఆ దేశమునకే పరిమితమై, సీసామీది బొమ్మలు కూడ వేర్వేరుగా నుండెడివి. 1992లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు ఈ అవ్యవస్థను రూపుమాపవలెనని తీర్మానించెను. దశాబ్దకాలపు కృషి ఫలితముగా 2003లో ఐక్యరాజ్య సమితి "ప్రపంచ సమన్విత విధానము" అనదగిన గ్రంథమును తొలిసారి ప్రకటించెను. అట్ట ఊదారంగుది కావున నిపుణులు దానిని ఊదా పుస్తకమని వ్యవహరింతురు.

ఆ గ్రంథము రసాయనములలోని అపాయమును మూడు కుటుంబములుగా విభజించినది. మండుట, ప్రేలుట, లోహమును తినివేయుట మొదలగునవి భౌతిక ప్రమాదములు. ప్రాణిదేహమునకు కలుగు హాని ఆరోగ్య ప్రమాదము. తక్షణ విషత్వము మొదలు క్యాన్సరు, గర్భస్థ శిశువునకు చేటు, ఊపిరితిత్తులలోనికి ద్రవము జారుట వఱకు ఇందు పది తరగతులు కలవు. నీటిలోని జీవములకు, ఆకసమందలి ఓజోను పొరకు కలుగు కీడు పర్యావరణ ప్రమాదము. ఒక్కొక్క తరగతిలో మరల శ్రేణులు. ఎఱ్ఱని అంచుగల చతురస్రములో నల్లని బొమ్మలతో తొమ్మిది చిహ్నములు. తీవ్రతను బట్టి "ప్రమాదము" లేక "జాగ్రత్త" అను రెండు హెచ్చరిక పదములు. పదునారు విభాగములతో నొక భద్రతా పత్రము.

ఇచ్చట ఒక్క విషయమును నొక్కి చెప్పవలసియున్నది. ఈ విధానములో శ్రేణి సంఖ్య తగ్గినకొలది అపాయము హెచ్చును. 1వ శ్రేణి అన్నిటికంటె భయంకరమైనది. అమెరికాలోని అగ్నిమాపక సంస్థ వాడుకలోనికి తెచ్చినదియు, మన కర్మాగారముల గోడలమీద సైతము కనబడునదియు నగు నాలుగు రంగుల వజ్రాకార పటములో లెక్క సరిగా తలక్రిందులు. అందు 4 అత్యంత ఘోరము, 0 నిరపాయము. ఒకే ఆవరణలో ట్యాంకుమీద ఒక లెక్కయు, పీపామీద మఱియొక లెక్కయు వ్రాసియుండగా, ఏ అంకె ఎటువైపు చూచుచున్నదో కార్మికునికి ఎవరైన విప్పి చెప్పినారా? చెప్పకపోయినచో, ఆ బొమ్మలు గోడకు అలంకారములు మాత్రమే.

అగ్ని పక్షమున

స్టైరీను భౌతిక స్వభావమును మొదట చూతము. ఒక ద్రవమునుండి లేచిన ఆవిరి, నిప్పురవ్వ సోకినంతనే భగ్గుమనుటకు చాలునంతగా పోగగు కనిష్ఠ ఉష్ణోగ్రతను జ్వలన బిందువు అందురు. 23 మొదలు 60 సెల్సియసు డిగ్రీల వఱకు జ్వలన బిందువుగల ద్రవములు మండు ద్రవములలో 3వ శ్రేణికి చెందును. స్టైరీనుకది 31 డిగ్రీలు. కావున అది 3వ శ్రేణి. కాగితముమీద ఇది మధ్యస్థమైన స్థానము. చల్లని దేశమునందలి గోదాములో అది సంవత్సరములో అధికభాగము ఆ గీతకు దిగువనే యుండును. మన కోస్తా వేసవిలో ప్రొద్దెక్కునప్పటికే నీడపట్టున గాలియే ఆ గీతను దాటిపోవును. ప్రపంచమునకంతటికి కొలత ఒకటే కావచ్చును, ఎండ మాత్రము ఒకటి కాదు. శ్రేణిని చదువువాడు తన ఊరి ఎండను కూడ దానితో కలిపి చదువవలెను.

దాని ఆవిరి గాలికంటె మూడున్నర రెట్లకు పైగా బరువైనది. పొగవలె పైకెగయదు, వరదనీటివలె పల్లమునకు ప్రాకి, కాలువలలో, నేలమాళిగలలో, చాపమీద నిద్రించు మనుష్యుని ముఖమెత్తున నిలుచును. గాలిలో నూటికి సుమారు ఒక్క వంతు కలిసినంతనే అది మండుటకు సిద్ధమగును.

దేహము పక్షమున

ఆరోగ్య పక్షమున దాని జాతకము ఇంకను దీర్ఘమైనది. కంటికి, చర్మమునకు మంట పుట్టించుటలో 2వ శ్రేణి. పీల్చినవానికి తొలుత కండ్లు చెమర్చును, గొంతు పట్టివేయును. పిమ్మట తలనొప్పి, వికారము, త్రాగినవానివలె తూలుట. మోతాదు మీరినచో స్పృహ తప్పుట. స్వల్పమాత్రలో దాని వాసన తీయనై ముక్కునకు ఇట్టే తెలిసిపోవును. కాని కొంతసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటుపడి చెప్పుట మానివేయును. వాసన తగ్గినదికదా అని ఊరడిల్లువాడు మోసపోవును. తగ్గినది ఆవిరి కాకపోవచ్చును, నాసికాశక్తి కావచ్చును.

దీర్ఘకాలము పీల్చువారికి అది చెవిని చెఱచును. రోజూ రోజూ స్వల్పముగా దేహముచేరి ఒక అవయవమును పట్టి పీడించు పదార్థముల తరగతిలో స్టైరీను 1వ శ్రేణిది. దాని గుఱి వినికిడి. యంత్రఘోషచే కార్మికుని చెవులు దిమ్మెక్కినవని మనమనుకొందుము. ఘోష ఒకవైపునుండి, ఆవిరి మఱియొకవైపునుండి లోపలి చెవిలోని సున్నితమైన రోమకణములను నశింపజేయుచుండవచ్చును. గర్భస్థ శిశువునకు హాని చేయునను అనుమానముగల పదార్థముల శ్రేణిలో సైతము అది చేరినది.

దేహములోనికి చేరిన స్టైరీనును కాలేయము స్టైరీను ఆక్సైడుగా మార్చును. నిజమైన కీడు ఈ రూపాంతరములోనే యున్నది, ఏలయన అది జీవకణములోని జన్యుపదార్థమునకు అతుకుకొనగలదు. అటుపిమ్మట అది మాండెలిక్ ఆమ్లముగా మారి మూత్రముద్వారా వెడలిపోవును. పని ముగిసిన వేళ కార్మికుని మూత్రమును పరీక్షించినచో ఆనాడు అతడెంత పీల్చెనో చెప్పవచ్చును. యజమాని లెక్క వ్రాయకున్నను దేహము లెక్క వ్రాసికొనును. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2018లో స్టైరీనును 2ఎ వర్గమునకు, అనగా మనుష్యులకు క్యాన్సరు కలిగించుట సంభావ్యమను వర్గమునకు, మార్చెను. ఈ వర్గము సాక్ష్యము ఎంత బలమైనదో చెప్పునే గాని విషమెంత తీవ్రమైనదో చెప్పదు. న్యాయస్థానమున నేరము ఋజువగుట వేరు, శిక్ష పరిమాణము వేరు. రెంటిని కలిపివేసి భీతిల్లుటయు, నిర్లక్ష్యము చేయుటయు తగదు.

కపాలము లేని విషము

ఇక స్టైరీను పీపామీది చిహ్నములను దగ్గఱగా చూతము. మంట బొమ్మ యొకటి, ఆశ్చర్యార్థకము ఒకటి, వక్షఃస్థలమున నక్షత్రమువలె పగిలిన మనుష్యాకృతి ఒకటి. అడ్డముగా పెట్టిన ఎముకలపై పుఱ్ఱె మాత్రము లేదు. ఇది పొరపాటు కాదు. నాలుగు గంటలు పీల్చిన ఎలుకలలో సగము చనిపోవుటకు లీటరు గాలిలో ఎంత ఆవిరి కావలెనో దానినిబట్టి తక్షణ విషత్వమును నిర్ణయింతురు. అర మిల్లీగ్రాము చాలినది 1వ శ్రేణి; పది మొదలు ఇరువది మిల్లీగ్రాముల వఱకు పట్టునది 4వ శ్రేణి. స్టైరీను 4వ శ్రేణిలో చేరినది. పుఱ్ఱె బొమ్మ మొదటి మూడు శ్రేణులకే పరిమితము.

2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున, ఇంచుమించు మూడు గంటలకు, విశాఖపట్టణములో గోపాలపట్నము చేరువనున్న ఆర్.ఆర్. వెంకటాపురము గ్రామముమీదికి ఎల్జీ పాలిమర్స్ కర్మాగారమునుండి వెలువడినది ఈ పుఱ్ఱె లేని విషమే. జనులు కండ్లు మండి లేచి, పిల్లలను భుజమున వేసికొని చీకటిలో పరుగెత్తి, దారిమీదనే కుప్పకూలిరి. అధికారుల లెక్క ప్రకారము 12 మంది మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. పశువులు పడిపోయెను; చెట్ల ఆకులు మాడి రాలెను. ఎలుకకు లీటరు గాలితో కట్టిన లెక్క, ట్యాంకులోని ద్రవము కాగి ఒక్కమారుగా ఆవిరియై ఊరిమీద పడునని ఊహించి కట్టినది కాదు. విష మెంత తీక్ష్ణమో చీటీ చెప్పును. ఎంత పోగుపడియున్నదో, ఎవరి యింటి గోడకు ఎంత దూరమున నున్నదో చెప్పదు.

రెండవ మౌనము ఇంతకంటెను గంభీరమైనది. ఆ రాత్రి జరిగినది అగ్నిప్రమాదము కాదు. ఎవరును నిప్పు పెట్టలేదు. సైమన్ సీసాలో జరిగినదే జరిగెను. స్టైరీను అణువులు చేతులు కలుపుకొనునపుడు వేడి పుట్టును. వేడి హెచ్చినకొలది మఱిన్ని అణువులు మఱింత వడిగా చేతులు కలుపును. ఆ వేడి మరల వేడిని రగుల్చును. ఈ పరంపరను ఆపుటకు టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్ అను నిరోధకమును అందు కలుపుదురు. దాని పరిమాణము పది లక్షల పాళ్లకు 10 మొదలు 15 పాళ్లు. అనగా టన్ను స్టైరీనును అదుపులో నుంచునది 10 మొదలు 15 గ్రాముల మందు, వంటింటి చెంచాకు మించనిది. "స్థిరీకరింపబడినది" అను ఆ విశేషణమునకు అర్థమిదియే. కాని ఆ మందు పనిచేయుటకు ద్రవములో కరగిన ప్రాణవాయువు కావలెను; కాలము గడచినకొలది, వేడి సోకినకొలది అది ఖర్చైపోవును; ద్రవముతోపాటు ఆవిరియై పైకి రాదు కనుక ట్యాంకు కప్పుకు అంటి మరల చుక్కలుగా మారిన స్టైరీనుకు ఆ రక్ష యుండదు. అందుచేతనే దానిని 25 డిగ్రీలకు దిగువన చల్లగా నుంచి, కలియద్రిప్పుచు, మందు ఎంత మిగిలినదో తఱచు పరీక్షింపవలెనని నియమము.

లాక్‌డౌను వలన వారముల తరబడి ఉత్పత్తి నిలిచిపోయినపుడు ఆ ట్యాంకునకు ఈ సేవలు సక్రమముగా జరుగలేదని నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతాధికార సంఘము ఆ జూలైలో నివేదించెను. చల్లార్చు ఏర్పాటు చాలలేదు. ద్రవమును కలియద్రిప్పు వ్యవస్థ లేదు. మందు చాలినంత లేదు. ఉష్ణమాపకము ట్యాంకు అడుగున నుండగా వేడి పైపొరలలో పెరిగెను. ఆపదవేళ మ్రోగవలసిన సైరను మ్రోగలేదు. దుర్ఘటన జరిగిన పిమ్మట ఆ నిరోధకమును గుజరాతు రాష్ట్రమునుండి విమానములో తెప్పింపవలసివచ్చెను. ఇంతటి ఆపదకు తొమ్మిది చిహ్నములలో ప్రత్యేకముగా నొక చిహ్నము లేదు. భద్రతా పత్రములో స్థిరత్వమును గూర్చిన పదవ విభాగమునందును, రవాణా నామములోని ఆ ఒక్క విశేషణమునందును అది దాగియున్నది. చదివి, నమ్మి, పాటించినవానికే అది హెచ్చరిక.

బుట్టలోని నాగుపాము

వర్గీకరణము వ్యర్థమని దీని తాత్పర్యము కాదు. నాగుపాము విషము, అది పాములవాని బుట్టలోనున్నను మన పెరటిలోనున్నను ఒక్కటే; ఆ విషమెట్టిదో చెప్పుట వర్గీకరణము పని, ఆ పనిని అది నిజాయితీగా చేయుచున్నది. బుట్ట మూత గట్టిగా నున్నదా, పాములవాడు మెలకువగా నున్నాడా, ప్రక్కన పసిపిల్లలు ఆడుకొనుచున్నారా అని చూచుట మన పని. స్వభావమును ఎఱిగినంత మాత్రమున ప్రమాదము తొలగదు. స్వభావమును ఎఱుగకుండ తొలగించుట అసాధ్యము.

ఎఱుకపరచుమని మన శాసనములు ఎన్నడో ఆదేశించినవి. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాలులో మిథైల్ ఐసోసయనేటు వేలమందిని బలిగొన్న తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు 41-బి సెక్షనును చేర్చి, కర్మాగారములోని అపాయములను కార్మికులకే గాక చుట్టుప్రక్కల నివసించు ప్రజలకు కూడ వెల్లడింపవలెనని విధించిరి. 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనముల నియమములును, 1996లో వచ్చిన రసాయన ప్రమాదముల నియమములును ఆ బాధ్యతనే మఱింత విస్తరించి చెప్పినవి. వెంకటాపురము ప్రజలు చీకటిలో పరుగిడిన నాటికి ఆ మొదటి శాసనము వయస్సు 33 సంవత్సరములు. గాలి ఎటు వీచుచున్నదో చూచి దానికి అడ్డముగా పోవలెననియు, ఆవిరి పల్లమునకు దిగును గనుక మెరకకు చేరవలెననియు, తడిగుడ్డ ముఖమున కప్పుకొనవలెననియు ముందుగా తెలిసియుండినచో, ఆ పరుగు దిశయైనను మారియుండెడిది.

విశాఖ మొదలు పరవాడ, పటాన్‌చెరు, జీడిమెట్ల వఱకు మన తెలుగునాట రసాయన కర్మాగారముల ప్రక్కన ఊళ్లున్నవి, బడులున్నవి. అట్టి ఊరిలో నివసించు పాఠకులకు నా విన్నపమొక్కటే. మీ గ్రామసభలోనో, కాలనీ సంఘములోనో ఈ నాలుగు ప్రశ్నలు వ్రాతమూలముగా అడుగుడు: ఆ గోడకు ఆవల ఏ పదార్థము ఎంత నిలువయున్నది? అది వెలువడినచో దేహమునకు ఏమగును? సైరను మ్రోగినచో మేము ఎటు పోవలెను? చివరిసారి ఆ సైరనును ఎప్పుడు మ్రోగించి చూచితిరి? సమాధానములను తెలుగులో, పెద్ద అక్షరములతో, ఫ్యాక్టరీ గేటు మీదను, పంచాయతీ కార్యాలయపు గోడ మీదను, బడి వసారాలోను వ్రాయించుడు. అడుగుట మీ హక్కు, చెప్పుట వారి విధి. ఇది ఎవరి దయాదాక్షిణ్యముల మీదను ఆధారపడినది కాదు.